ఒక్క గింజ మీదే బతికిన కడుపు

(దేవరకొండ గ్రంథాలయం హాలులో ఆశా కార్యకర్తలు, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ప్రభుత్వ వైద్యుడు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న ఆశా అక్కలకు మరీ ముఖ్యంగా. ఈ ఎండలో తండాల నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు ఉన్నారని చెప్పారు. అందుకని నేరుగా ఒక పేషెంటు సంగతితో మొదలుపెడతాను.

1979వ సంవత్సరం. నేను హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌ని. అచ్చంపేట వైపు ఊరి నుంచి పాతికేళ్ల ఆడమనిషిని తీసుకొచ్చారు. వెంట భర్త, అత్త. ఆమె మనిషిని చూసి మాట్లాడటం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఊరికే ఏడుస్తుంది, ఉన్నట్టుండి లేచి బయటికి పోతుంది. అత్త ఒకటే మాట: "గాలి సోకింది సారూ, తాయెత్తు కట్టించినం, తగ్గలే." నేను కేసు షీటు మీద మానసిక వ్యాధి అని రాసేశాను. పిచ్చాసుపత్రికి పంపడానికి కాగితం కూడా సిద్ధం చేశాను.

రౌండ్స్‌కి వచ్చిన మా పెద్ద డాక్టరు ఆమె ముఖం వైపు చూడలేదు. మెడ చూశారు. మెడ చుట్టూ హారం వేసినట్టు నల్లటి పట్టీ, చర్మం గరుకుగా పగిలి ఉంది. చేతులు చూశారు. ఎండ తగిలే చోటల్లా అదే నలుపు, చీరె కప్పినచోట మామూలు చర్మం. నాలుక ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. అత్తను అడిగారు: "విరేచనాలు అవుతున్నాయా?" రెండు నెలలుగా అవుతున్నాయట. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. "ఏం తింటది?" అని అడిగారు. "గటక" అంది అత్త. పొద్దున జొన్న గటక, మాపటికి జొన్న గటక, అందులోకి కారం. పప్పు ఎప్పుడో ఒకసారి. పాలు, సల్ల ఇంట్లో లేవు.

అది పెల్లాగ్రా. నియాసిన్ అనే బి విటమిన్ లేక వచ్చే జబ్బు. ఆ విటమిన్‌కే ఇంకో రూపమైన నికోటినమైడ్ మాత్రలు మొదలుపెట్టాం. మూడోరోజు పొద్దున ఆమె లేచి కూర్చొని, "నా పిల్ల యాడుంది?" అని అడిగింది. నేను పిచ్చి అని రాసిన మనిషి. నలభై ఏళ్లకు పైగా వైద్యం చేశాను, ఆ పొద్దు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

కడుపుకు, మెదడుకు సంబంధం ఉందని ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, వీడియోల మీద వీడియోలు. కొత్తగా కనిపెట్టినట్టు చెబుతారు. మన పాలమూరు, నల్లగొండ మనుషుల ఒంటి మీద ఆ సంబంధం ఎప్పుడో రాసి ఉంది. చర్మం, పేగు, మెదడు, ఈ మూడూ ఒకే కొరతతో ఒకేసారి చెడిపోయే జబ్బు అది.

దీని చరిత్ర కొంచెం చెబుతాను, విద్యార్థులకు పనికొస్తుంది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న మీద బతికే పేదరైతుల్లో దీన్ని గుర్తించాడు. ఆ మెడ పట్టీని ఇప్పటికీ కసాల్ హారం అనే అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేలమంది దీనితో చనిపోయారు. అంటురోగం అని అందరూ భయపడ్డారు. 1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరును ప్రభుత్వం పంపితే, ఆయన అనాథాశ్రమాల్లో చూశాడు. పిల్లలకు వస్తోంది, అక్కడ పనిచేసే సిబ్బందికి రావడం లేదు. అంటురోగం అయితే ఇద్దరికీ రావాలి కదా. తేడా అంతా కంచంలో ఉంది. జనం నమ్మకపోతే ఆయన, తోటి వైద్యులు రోగుల రక్తం తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు, చర్మపు పొక్కులు పిండిలో కలిపి మింగారు. ఎవరికీ జబ్బు రాలేదు. కారణం నియాసిన్ కొరత అని తేలేసరికి 1937 అయింది. గోల్డ్‌బెర్గర్ అప్పటికే కన్నుమూశాడు.

అమెరికాలో మక్క తినేవాళ్లకు వచ్చింది. మన దక్కన్‌లో జొన్న తినేవాళ్లకు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. అక్కడ సి. గోపాలన్, శ్రీకంఠయ్య ఈ చిక్కు మీద కూర్చున్నారు. ఎందుకు చిక్కంటే, జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం కాదు. అయినా జబ్బు వస్తోంది. జొన్న ప్రొటీన్‌లో లూసిన్ అనే భాగం ఎక్కువగా ఉండటం వల్ల నియాసిన్ తయారీకి అడ్డం పడుతోందని వాళ్లు 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది. కానీ నేను మీకు చెప్పాలనుకున్న విషయం ఆ ప్రశ్న పక్కనే ఉంది.

మన తిండిలో ట్రిప్టోఫాన్ అని ఒక పదార్థం ఉంటుంది. పప్పులు, పాలు, గుడ్లు, పల్లీల్లో దొరుకుతుంది. ఒంట్లో దీనికున్న పనుల్లో రెండు చెబుతాను. దీంట్లోంచే నియాసిన్ తయారవుతుంది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కి 1 మిల్లీగ్రాము నియాసిన్ అని లెక్క. దీంట్లోంచే సెరటోనిన్ కూడా తయారవుతుంది. నిద్ర, ఆకలి, మనసు కుదురు, వీటన్నిటికీ కావలసిన రసాయనం అది. ఇంట్లో ఒకటే కుండ నీళ్లు ఉండి, తాగడానికీ అవే, వంటకూ అవే అయితే ఎట్లుంటుందో అట్లా. ఆ అచ్చంపేట అమ్మాయి ఒంట్లో ఆ కుండ అడుగంటింది.

సెరటోనిన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి సరిచేయాలి. ఒంట్లో సెరటోనిన్ 90 శాతం దాకా పేగుల్లోనే ఉంటుంది. ఇది నిజం. దాన్ని పట్టుకొని "పేగు బాగుచేస్తే సంతోషం నేరుగా మెదడుకు పోతుంది" అని పౌడర్ డబ్బాలు అమ్ముతున్నారు. అది అబద్ధం. పేగులో తయారైన సెరటోనిన్ మెదడులోకి పోలేదు. మెదడుకు రక్తనాళాల దగ్గర గట్టి కాపలా ఉంది, అది దాటనివ్వదు. మెదడు తన సెరటోనిన్ తానే చేసుకోవాలి. అందుకు కావలసిన ట్రిప్టోఫాన్ మాత్రం ఆ కాపలా దాటి పోతుంది. పేగులోని సెరటోనిన్ పేగు కదలికలను నడుపుతుంది, అక్కడి నరాలను తట్టి లేపుతుంది. మెడలోంచి కడుపులోకి దిగే వేగస్ అనే నరం ఉంది. దాంట్లో ఎక్కువ పోగులు మెదడు నుంచి కిందికి ఆజ్ఞలు తెచ్చేవి కావు, కడుపు నుంచి పైకి కబురు మోసేవి. కడుపు మాట మెదడు వింటూనే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నావు అని మీరు అడగొచ్చు. నా దగ్గర దీనికన్నా పెద్ద సాక్ష్యం ఒకటుంది. ఇది ఈ జిల్లాలో ఏ వార్డులోనైనా కనిపిస్తుంది.

తాగుడు వల్లనో, కామెర్ల వైరస్ వల్లనో లివర్ గట్టిపడిపోయిన మనిషి. నాలుగురోజులు మలబద్ధకం అవుతుంది. ఐదోరోజు పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. తర్వాత ఏదేదో మాట్లాడతాడు. పెళ్లాన్ని పట్టుకొని నువ్వెవరంటాడు. చేతులు చాచమంటే పక్షి రెక్కల్లా కొట్టుకుంటాయి. ఇంటివాళ్లు పక్షవాతం అనుకొని తలకు స్కానింగ్ చేయించుకొని వస్తారు. స్కానింగ్‌లో ఏమీ ఉండదు. మేం ఏం చేస్తాం? తలకు మందు ఇవ్వం. తియ్యటి సిరప్ లాంటి లాక్టులోజ్ తాగించి విరేచనాలు చేయిస్తాం. అవసరమైతే రిఫాక్సిమిన్ అనే మందు కలుపుతాం. అది రక్తంలోకి పెద్దగా పోదు, పేగులోనే ఉండి అక్కడి బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో మనిషి మనిషవుతాడు. పెళ్లాం పేరు పెట్టి పిలుస్తాడు.

జరిగిందేమిటంటే, పేగులో బ్యాక్టీరియా అమ్మోనియా తయారుచేస్తుంది. మనందరిలోనూ చేస్తుంది. లివర్ బాగుంటే అది రక్తంలోకి రాగానే యూరియాగా మార్చి పారేస్తుంది. లివర్ పాడైతే ఆ అమ్మోనియా నేరుగా మెదడుకెక్కుతుంది. లాక్టులోజ్ పేగులో పులిసి, అక్కడ ఆమ్లం పెంచి, అమ్మోనియాను మలంలోనే కట్టిపడేస్తుంది. పేగులో సూక్ష్మజీవులు చేసే పని మనిషి తెలివినే మార్చగలదని చెప్పడానికి ఎలుకల ప్రయోగం అక్కరలేదు. ఆశా అక్కలూ, మీ ఊళ్లో లివర్ జబ్బు ఉన్న మనిషికి మలబద్ధకం వచ్చి మాట తేడాగా ఉంటే, తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108 పిలవండి.

ఇక రోగనిరోధకశక్తి. కరోనా తర్వాత ఇమ్యూనిటీ అనే మాట పసిపిల్లలకు కూడా వచ్చేసింది. అది ఒంట్లో ఎక్కడుంటుంది అంటే రక్తంలో అంటారు. ఒంటిని కాపాడే కణాలు పేగు గోడలో కూడా పెద్దసంఖ్యలో మకాం వేసి ఉంటాయి. కారణం సులువు. చర్మం బయటి ప్రపంచానికి ఎదురుగా ఉంటుంది, పేగు కూడా అంతే. మనం మింగేది ప్రతిదీ బయటిదే. పేగు లోపలి గోడ పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లు ఉంటుంది. అంత గోడ ఎంత మందమనుకున్నారు? ఒక్క వరస కణాలు. అంతే. అవి కూడా మూడు నుంచి ఐదురోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఆ పలుచటి గోడకు ఇవతల లక్షల కోట్ల బ్యాక్టీరియా, అవతల మన రక్తం.

మన దగ్గర చెరువు తెలియనివాళ్లు ఎవరూ ఉండరు. చెరువుకు కట్ట ఎట్లాగో, పేగుకు జిగురుపొర అట్లా. బ్యాక్టీరియా నీళ్లవైపు ఉండాలి, ఊరివైపు రాకూడదు. ఆ బ్యాక్టీరియాకు మనం తినే పీచు ఆహారం. పీచును మనం అరిగించుకోలేం, అవి అరిగించుకొని బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ప్రధానంగా ఇంధనం అదే. కాపలా కణాలను ఊరికే రెచ్చిపోకుండా నిదానంగా ఉంచేది కూడా చాలావరకు అదే. పీచు పెట్టకపోతే ఏమవుతుంది? 2016లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో స్పష్టంగా కనబడింది. మనిషి పేగు బ్యాక్టీరియాను ఎలుకల్లో పెట్టి, తిండిలో పీచు తీసేశారు. ఆకలిగొన్న ఆ బ్యాక్టీరియా జిగురుపొరనే తినడం మొదలుపెట్టింది. కట్ట మీద మట్టి తవ్వుకుతిన్నట్టు. తర్వాత ఒక రోగక్రిమిని వదిలితే, పీచు తిన్న ఎలుకల కంటే వీటిలో జబ్బు ఎంతో తీవ్రమైంది.

పిల్లల విషయం ఇక్కడే చెప్పాలి. కాన్పు కాగానే వచ్చే ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు మన ఊళ్లలో ఒకప్పుడు బాగా ఉండేది. ఇప్పుడు తగ్గింది, ఆ ఘనత మీదే. ఆ పసుపుపచ్చ పాలల్లో ఐజీఏ అనే రక్షణ పదార్థం నిండుగా ఉంటుంది, పసిగుడ్డు పేగు గోడకు అది పూతలా పనిచేస్తుంది. ఇంకో విచిత్రం. తల్లిపాలల్లో కొన్ని చక్కెరలు ఉంటాయి, వాటిని బిడ్డ అరిగించుకోలేదు. మరి ఎందుకున్నట్టు? బిడ్డ పేగులోని మంచి బ్యాక్టీరియాకు మేతగా. తల్లి ఒకేసారి ఇద్దరికి పాలిస్తోంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసికందుల మీద చేసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. పుట్టిన కొద్దిరోజుల్లోనే వారంపాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి మేతగా కొంచెం పీచులాంటి చక్కెరను కలిపి పట్టారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్, మరణం, ఈ రెండూ కలిపి 40 శాతం తగ్గాయి. అది డాక్టర్లు లెక్కగా ఎంచిన ఒక ప్రత్యేక రకం. మెడికల్ షాపులో దొరికే ప్రతి సీసా అదే పని చేస్తుందని అనుకోవద్దు.

ఇప్పుడు మన కంచం వైపు వద్దాం. నేను చెప్పబోయేది కొంతమందికి నచ్చకపోవచ్చు. ఈ మధ్య జొన్నరొట్టె తింటే అన్ని రోగాలూ పోతాయి, మన తాతలు అందుకే గట్టిగా ఉన్నారు అని చెప్పడం ఎక్కువైంది. ఆ తాతల తరంలోనే, ఆ జొన్న తిన్న ఇళ్లలోనే పెల్లాగ్రా చూశాను నేను. జొన్న తప్పు కాదు. జొన్న ఒక్కటే ఉండటం తప్పు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి ఇంట్లో గటక పక్కన అన్నం చేరింది. ఆకలి తగ్గింది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు.

కానీ నలభై ఏళ్లలో ఏమైంది? జొన్న స్థానంలో బియ్యం కూర్చుంది, మళ్లీ ఒంటరిగానే కూర్చుంది. పొద్దున అన్నం, పగలు అన్నం, రాత్రి అన్నం. మధ్యలో చాయ్‌లో బిస్కెట్, పిల్లలకు ఐదురూపాయల చిప్స్ ప్యాకెట్. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10, తైదల్లో, అంటే రాగుల్లో 11. ఒంటికి రోజుకు సుమారు 30 గ్రాములు కావాలి. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించొద్దని చెప్పింది. మన ఇళ్లలో ఎంతుంటుందో మీరే ఆలోచించండి.

నేను మీ ఇంట్లో అన్నం మానేయమనడం లేదు. రోజుకో పూట గింజ మార్చండి. వారంలో మూడురోజులు సాయంత్రం చిప్స్ బదులు గుడాలు పెట్టండి. బొబ్బర్లు, శనగలు, ఉలవలు ఏవైనా సరే. ఉడికించి, ఉల్లిగడ్డ తాలింపు వేస్తే పిల్లలు తింటారు. పుంటికూర, గంగవాయిల కూర, తోటకూర మీ పెరట్లోనే ఉన్నాయి. తైద అంబలిలో సల్ల పోసుకుంటే పీచు, కాల్షియం, పులిసిన పాలు ఒకే గిన్నెలో వస్తాయి. మర్రిగూడ, నాంపల్లి వైపు అక్కలు దీన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నష్టపోయిన ఊళ్లు మీవి. తిండిలో కాల్షియం ఉంటే పేగులో ఫ్లోరైడ్ కొంత దానికి అంటుకొని బయటికి పోతుంది.

పులిసిన తిండి గురించి 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిపై పరీక్ష చేశారు. పది వారాలు పెరుగులాంటివి బాగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. చిన్న పరీక్షే. మనసు సంగతికొస్తే, 2017లో ఆస్ట్రేలియాలో డిప్రెషన్‌తో ఉన్న 67 మందిని తీసుకున్నారు. కొంతమందికి 12 వారాలు పప్పులు, కూరగాయలు, పొట్టుతీయని గింజలు, చేపలు తినేలా నేర్పించారు. మిగతావాళ్లతో అంతే సమయం ఊరికే మాట్లాడారు. తిండి మార్చినవాళ్లలో 32 శాతం మంది కోలుకున్నారు, మాటల గుంపులో 8 శాతం. అందులో చాలామంది తమ మందులు, కౌన్సెలింగ్ కొనసాగిస్తూనే తిండి మార్చారు. ఈ మాట రెండుసార్లు చెబుతాను. మందులు ఆపలేదు. మీ ఊళ్లో ఎవరైనా డిప్రెషన్ గోళీలు మానేసి అంబలి తాగుతానంటే వద్దని చెప్పండి.

ఇంకో సంగతి ఉంది, దీని మీద నాకు బాధ ఎక్కువ. గ్యాస్ గోళీలు. నొప్పుల గోళీ రాస్తే దానితో గ్యాస్ గోళీ, జ్వరం గోళీ రాస్తే దానితో గ్యాస్ గోళీ. నాలుగురోజులకు రాసింది నాలుగేళ్లు మింగుతారు. ఒక రిటైర్డ్ టీచరు గారిని కొడుకు నా దగ్గరికి తెచ్చాడు. మతిమరుపు, చికాకు, అరికాళ్ల తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలిపోవడం. నాన్నకు చిన్నమెదడు జబ్బట, మందు లేదట అని ఎక్కడో చెప్పించుకొని వచ్చాడు. సంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పోయమన్నాను. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, ఏడేళ్లుగా పరగడుపున పాంటప్రజోల్ అనే గ్యాస్ గోళీ. మనిషి శాకాహారి. బి12 విటమిన్ మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే దొరుకుతుంది. దాన్ని తిండిలోంచి విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని ఒక గోళీ ఆపేసింది, ఇంకో గోళీ పేగులో పీల్చుకోవడాన్ని తగ్గించింది. రక్తపరీక్షలో బి12 అట్టడుగున ఉంది. ఇంజెక్షన్లు ఇచ్చాం. మూడు నెలలకు పేపరు చదివి నాతో రాజకీయాలు మాట్లాడారు. కాళ్ల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ఆలస్యం చేస్తే నరం మళ్లీ రాదు. గ్యాస్ గోళీ అవసరమైనవాళ్లు ఉన్నారు, మీ అంతట మీరు ఆపొద్దు. ఎన్నాళ్లు వాడాలో మాత్రం డాక్టరును అడగండి. జలుబుకు యాంటీబయాటిక్ సూది అడగడం కూడా మానాలి. జలుబు వైరస్‌ది, దానికి ఆ సూది పనిచేయదు. చచ్చేది పేగులో ఉన్న మనవాళ్లే.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక పెద్దాయన: పులిసింది మంచిదంటున్నరు కదా సార్, మరి కల్లు?)

మంచి ప్రశ్న అన్నా. చెట్టు మీంచి దింపిన తాటికల్లు పులిసినదే, నిజం. కానీ మన రెండు జిల్లాల్లో దుకాణాల్లో దొరికేదాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రజోలమ్ కలిపి ఎన్నోసార్లు పట్టుబడ్డారు. అవి మత్తుమందులు. అలవాటైనవాడికి ఒక్కసారిగా దొరక్కపోతే ఫిట్స్ వస్తాయి, పిచ్చిచూపులు చూస్తాడు, ప్రాణం కూడా పోవచ్చు. స్వచ్ఛమైనదైనా ఆల్కహాలే, లివర్‌కు లెక్క లెక్కే. ఈ రోజుల్లో నాకు పెల్లాగ్రా కనిపించిందంటే అది తిండి మానేసి తాగే మనిషిలోనే. పేగు కోసం సల్ల తాగండన్నా, కల్లు వద్దు.

(ఒక విద్యార్థిని: సార్, ఆ అచ్చంపేట ఆమె తర్వాత ఏమైంది?)

రెండు వారాలు ఉంది తల్లీ. విరేచనాలు ఆగాయి, మెడ మీద నల్లచర్మం పొరలుగా రాలి కింద లేతచర్మం వచ్చింది. డిశ్చార్జి రోజు ఏం తినాలో చెప్పే పని నాకిచ్చారు. పాలు, గుడ్లు అని మొదలుపెట్టాను. భర్త తల దించుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, నియాసిన్, ట్రిప్టోఫాన్ రెండూ పుష్కలంగా ఉండే పల్లికాయ వాళ్ల వైపు పొలాల్లోనే పండుతుంది. "మీకు పల్లికాయ పండుతదా?" అని అడిగాను. పండుతుందంది. "మరి తినవా?" అన్నాను.

"కల్లం మీదికెల్లే షావుకారు కాంటా పెట్టుకొని పోతడు సారూ," అంది, "మా ఇంటికి రావు."